ఆపరేషన్ కోసం పెంచిన ఒళ్లు

నా కడుపులో గడ్డ ఉందని తేలిన ఏడాది వానలు లేవు. బెళుగుప్ప దగ్గర మా ఊళ్లో వేరుశనగ మొలకలోనే మాడిపోయింది. నాకప్పటికి ముప్పై నిండలేదు, ఇద్దరు ఆడపిల్లలు. నెలలో సగం రోజులు రక్తం పోయేది.

పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసింది.

"ఒంట్లో రక్తమే లేదమ్మా. ఇట్లా బల్ల ఎక్కిస్తే ప్రాణంతో దింపలేను. రెండు నెలలు బాగా తిని, బరువులెత్తకుండా ఉండి రా."

గుడ్లు, పాలు, ఆకుకూరలు తినమని చెప్పి టానిక్కు సీసా ఇచ్చింది. కోసిన తర్వాత దగ్గు వస్తే కుట్లు లాగుతాయని, పొట్టకు చేయి అదిమి ఎలా దగ్గాలో నర్సమ్మ నేర్పింది.

ఇంట్లో అందరికీ పూటకింత జొన్న గంజి. రెండు కోళ్లు పెట్టే గుడ్లు మాత్రం నాకు. చిన్నది పక్కన కూర్చుని నా నోటివంకే చూసేది. ఒకరోజు సగం గుడ్డు దాని నోట్లో పెట్టాను. మా అత్త చూసింది.

"ఆపరేషన్ పేరు చెప్పుకొని తల్లీబిడ్డలు పండగ చేసుకుంటాండారు" అని మా ఆయనకు చెప్పింది. ఆనాటి నుంచి గోడవైపు తిరిగి తిన్నాను. మింగుడు పడేది కాదు, అయినా మింగాను. బతకాలని ఉండేది.

భయమూ ఉండేది. పొద్దున్నే మంచం మీద వెల్లకిలా పడుకుని పొట్టకు చేయి ఆనించి దగ్గడం అలవాటు చేసుకున్నాను. నేను తిరిగి రాకపోతే అని, పెద్దదానికి చెల్లెలికి జడ వేయడం నేర్పించాను. అది వంకరగా అల్లితే విప్పించి మళ్లీ అల్లించేదాన్ని. ఎందుకో దానికి చెప్పలేదు.

రెండు నెలలకు బుగ్గలు నిండాయి. రవికెలు బిగుతయ్యాయి. రక్తం పోవడం తగ్గింది. ప్రయాణం రోజు చీరలు మూట కట్టుకుని వాకిట్లోకి వచ్చాను.

"ఎద్దు మాదిరి ఉండాది. ఈమెను కోయించేకి పట్నం పోవల్లనా?" అంది అత్త.

గడ్డ లోపల అలాగే ఉందని చెప్పాను. మా ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూశాడు.

"రక్తం నిల్చింది కదా. వానలు పడినాక చూస్తాం" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే నీళ్ల బిందెలు నా నెత్తికెత్తారు. బావి మైలు దూరం. కత్తి కోసం పెంచుకున్న ఒంటిని చాకిరీకి వాడుకున్నారు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి, పంటా వచ్చింది. నన్నెవరూ పట్నం తీసుకుపోలేదు. వేరుశనగ చెట్లు పీకుతూ చేలోనే పడిపోయాను. కూలీలు చెప్పి పంపితే పక్క ఊరి నుంచి మా అన్న వచ్చి బండిలో పట్నం చేర్చాడు. మా ఆయన వెనక నడిచి వచ్చాడు. డాక్టరమ్మ రక్తం కావాలంది.

"నేను రక్తమిస్తే రేపు మడక దున్నేదెవరు?" అన్నాడాయన. మా అన్న చేయి చాపాడు.

గడ్డతో పాటు గర్భసంచీ తీసేశారు. నాకు తెలివి వచ్చాక డాక్టరమ్మ కోపంగా అడిగింది, అప్పుడే ఎందుకు రాలేదని. నేను పెదవులు తడుపుకునే లోపల మా ఆయన జవాబు చెప్పాడు.

"కోతంటే ఆమెకు భయం తల్లీ. నేను ఎంత చెప్పినా రాలేదు."

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్లు చూసి వెళ్లిపోయింది. కాదని చెప్పేంత ఊపిరి అప్పుడు నాలో లేదు. ఊపిరి వచ్చేసరికి అడిగేవాళ్లు లేరు.