మొదలు, చివర, నాడి, పని

కురోసే తత్సుజోది రాతి పనివాళ్ల ఇల్లు. కిమాచి రాయితో తోటల్లో పెట్టే దీపస్తంభాలు చెక్కడం తాతల నాటి నుంచి వచ్చిన పని. అతను ఉలి పట్టుకునే పెరిగాడు. నలభై దాటాక చక్కెర జబ్బు కళ్ల మీదకి వచ్చింది. ఒక కన్ను మసకబారింది, ఏడాది తిరిగేలోగా రెండోదీ పోయింది. కళ్లు పోయిన మనిషికి కోపం రాదా మరి, అని చుట్టుపక్కల వాళ్లు జాలిపడేవారు. ఆ జాలి దండగ. చూపు నిక్షేపంగా ఉన్న రోజుల్లోనూ తత్సుజోకి కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు దానికొక సాకు దొరికింది, అంతే.

చూపు లేనివాళ్లకి మా వైపు ఎప్పటి నుంచో ఉన్న దారి ఒళ్లు పట్టే పని. వేడినీటి బుగ్గల సత్రాల్లో దానికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. అయితే చేతుల్లో బలం ఉంటే చాలదు. అంధుల బడిలో చదివి, ప్రభుత్వ పరీక్ష నెగ్గి, లైసెన్సు తెచ్చుకోవాలి. మెడ ఎలా నొక్కుతావు అని అడిగే పరీక్ష కాదది. ఎముకలన్నీ తెలియాలి, గుండె ఎలా కొట్టుకుంటుందో తెలియాలి. ఇక కండరాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రతిదానికీ నాలుగు ముక్కలు నోటికి రావాలి. దాని మొదలు ఏ ఎముక మీద, చివర ఏ ఎముక మీద, దాన్ని నడిపే నాడి ఏది, అది చేసే పని ఏమిటి.

బడిలో చిన్నవాళ్లు చుక్కల లిపి మీద వేళ్లు జరుపుకుంటూ చకచకా చదువుకుపోయేవారు. తత్సుజో వేళ్లు ఉలి పట్టి పట్టి కాయలు కాచినవి. వాటికి చుక్కలు అందేవి కావు.

“ఇసకలో చెయ్యి పెట్టినట్టుంది. ఇది నావల్ల కాదు,” అని ఒకరోజు పుస్తకం గోడకేసి కొట్టాడు.

దాంతో ఆ బరువు భార్య హత్సుయే మీద పడింది. ఆవిడ తెల్లవారక ముందే సోయా పాలతో తోఫు చేసే దుకాణానికి వెళ్లి బకెట్లు మోసేది. మధ్యాహ్నం ఇంటికొచ్చి షిజిమి ఆల్చిప్పల పులుసు పొయ్యి మీద పెట్టి, టేపు రికార్డరు ముందు కూర్చుని, పాఠాలన్నీ క్యాసెట్లలోకి చదివేది. పెద్ద చదువు చదివిన మనిషి కాదు. నోరు తిరగని వైద్యం మాటలు ముందురోజే బడికి వెళ్లి పంతుళ్లని అడిగి పలకడం నేర్చుకునేది. తత్సుజో ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుని వినేవాడు.

అసలు చిక్కెక్కడంటే హత్సుయేకి నోరు ఊరుకునేది కాదు.

“త్రిశిర కండరం. మొదలు, రెక్క ఎముక, ఇంకా భుజం ఎముక వెనక వైపు. చివర, మోచేతి మొన... ఏవండీ, మోచెయ్యి తలుపుకి తగిలితే జివ్వుమంటుందే, అది దీనివల్లేనా?”

“పుస్తకంలో ఉందా ఆ ముక్క?”

“లేదనుకోండి.”

“లేనిదెందుకు చదవడం? టేపులో నీ కబుర్లు పడితే పరీక్షలో నాకు అవే గుర్తొస్తాయి. వెనక్కి తిప్పు. మొదట్నించి చదువు.”

ఆవిడ వెనక్కి తిప్పి మొదటి నుంచి చదివేది. పక్కింటి పిల్లి కిటికీలోంచి దూకిందనో, వాన మొదలైంది బట్టలు తియ్యాలనో మాట జారితే మళ్లీ వెనక్కి తిప్పడమే. పోనుపోను ఆవిడకి అలవాటైపోయింది. తుమ్ము వచ్చినా ముందు బటన్ నొక్కి, ఆపి, అప్పుడు తుమ్మేది. ఆవిడ తన మాట వినడం మొదలుపెట్టిందని తత్సుజో అనుకున్నాడు. ఆ ఇంట్లో సందడి తగ్గిందని మాత్రం గమనించలేదు.

విన్న పాఠం వేళ్లకి ఎక్కించుకోవడానికి కూడా హత్సుయే వీపే దిక్కు. చాప మీద బోర్లా పడుకోబెట్టి, రెక్క ఎముక అంచు వెంట బొటనవేలు నడిపిస్తూ పేర్లు అప్పజెప్పుకునేవాడు. “కదలకు,” అనేవాడు. బకెట్లు ఎత్తీ ఎత్తీ ఆ భుజాలు బిగుసుకుపోయి ఉన్నాయని అతని వేళ్లకి తెలిసేది. చుక్కలు అందని వేళ్లకి కండరంలో ముడి బాగానే అందేది. ఆ కండరం పేరు సరిగ్గా చెప్పి పక్కదానికి వెళ్లిపోయేవాడు. నొప్పిగా ఉందా అని ఒక్కసారీ అడగలేదు.

పరీక్ష నెగ్గాడు. నెగ్గినవాళ్లు తమ టేపులు కింది తరగతి వాళ్లకి ఇచ్చేయడం ఆ బడిలో ఆచారం. అలా ఇస్తే వాళ్లకీ కలిసొస్తుందని నమ్మకం. హత్సుయే క్యాసెట్లన్నీ గుడ్డలో పేర్చి మూట కడుతూ ఆగింది.

“ఒక్కటైనా ఉంచుకుందామాండీ?”

“దేనికి? ఇంకా ఎముకల పేర్లు వినాలనుందా నీకు?”

ఆవిడ ముడి వేసింది. ఆ మూట ఉరకావా సచి అనే కుర్రదాని చేతికి వెళ్లింది.

తత్సుజో తమాత్సుకురి బుగ్గల సత్రాల్లో పనికి కుదిరాడు. మంచి పేరు వచ్చింది. “కాస్త గట్టిగా నొక్కమంటారా? ఇక్కడ నొప్పిగా ఉందాండీ?” అని అతిథుల్ని ఎంత మెత్తగా అడిగేవాడో! రోజూ పొద్దు గూకాక హత్సుయే సత్రం వెనక గుమ్మం దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లేది. దారిలో ఇద్దరి మధ్యా పెద్దగా మాటలుండేవి కావు. పరీక్షతో పాటు మాట్లాడకూడదన్న నియమమూ పోయిందని ఆవిడతో ఎవరు చెప్పాలి? అతనే చెప్పాలి. చెప్పలేదు.

ఒక చలికాలం పొద్దున దుకాణంలో బకెట్ ఎత్తబోయి హత్సుయే పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. కబురు వచ్చేసరికి తత్సుజో చేతులు ఎవరో అతిథి భుజాల మీద ఉన్నాయి. ఆస్పత్రికి చేరేలోగా అంతా అయిపోయింది.

ఆవిడ పోయిన మూడో ఏటి పూజ రోజున బౌద్ధ గురువు మంత్రాలు చదివి వెళ్లిపోయాక, తత్సుజో ఒక్కడే ఇంట్లో పూజా పీఠం ముందు కూర్చుని ఆవిడని తలుచుకున్నాడు. ముఖం గుర్తుంది, కళ్లున్నప్పటిది. ఆ తరవాత ఇన్నేళ్లూ హత్సుయే అంటే అతనికి గొంతే కదా. ఆ గొంతు రావడం లేదు. ‘ఏవండీ’ అనే మాట వచ్చింది గాని, అది తన గొంతులోనే వినిపించింది. ఎంత ప్రయత్నించినా అంతే. మనిషిని రెండోసారి పోగొట్టుకున్నట్టయింది.

అప్పుడు గుర్తొచ్చాయి ఆ టేపులు.

బడికి ఫోను చేసి కనుక్కుంటే సచి మత్సుయేలో సొంతంగా మర్దన కేంద్రం పెట్టుకుందని తెలిసింది. తత్సుజో కర్ర పట్టుకుని రైలెక్కాడు. దారి పొడుగునా ఒకటే భయం. ఆచారం ప్రకారం ఆ అమ్మాయీ కింది వాళ్లకి ఇచ్చేసి ఉంటుంది. వాళ్లు వాటి మీద మరేవో పాఠాలు ఎక్కించేసి ఉంటారు.

“ఇవ్వలేదండీ,” అంది సచి, టీ గిన్నె అతని చేతికందిస్తూ. “ఇచ్చేయాల్సిందే అనుకోండి. కొత్త పుస్తకాలొచ్చేశాయి, ఇవి పాతబడ్డాయని వంకపెట్టి నేనే ఉంచేసుకున్నా. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. రాత్రీ పగలూ ఆవిడ గొంతే వింటూ చదివాను. చూడకపోయినా మా మనిషే అనిపించేది.”

తత్సుజో దగ్గర లేనిది ఈ పరాయి పిల్ల దగ్గర ఇంత భద్రంగా ఉంది.

“కురోసే గారూ, ఒక్క మాట అడగనా? ఏమీ అనుకోకూడదు.”

“అడగమ్మా.”

“పరీక్షయ్యాక మీరిద్దరూ వెళ్లారా?”

“ఎక్కడికి?”

సచి లోపలికి వెళ్లి ఆ టేపుల మూట తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. “మీకు తెలుసనుకున్నా. గుండె పాఠం టేపు, రెండో వైపు. పాఠం అయిపోయింది కదా అని ఆపెయ్యకండి. తిరగనివ్వండి.”

మర్నాడు పొద్దున్నే టేపు రికార్డరు ముందు కూర్చున్నాడు. గుండె పాఠం దాకా వెంటనే వెళ్లడానికి ధైర్యం చాలక మొదటి క్యాసెట్ పెట్టాడు. బటన్ నొక్కగానే హత్సుయే పలికింది. “మొదటి పాఠం, ఎముకలు.” ఆ మూడు మాటలకే తత్సుజో భోరుమన్నాడు. ఇదే గొంతు, ఇదే. తరవాత వినడం మొదలుపెట్టాడు. వెన్నుపూసలు, పక్కటెముకలు, మొదలు, చివర, నాడి, పని. ఒక నవ్వు కోసం, ఒక విసుగు కోసం చెవులు రిక్కించాడు. పిల్లి లేదు, వాన లేదు. అతను కోరినట్టే చదివింది మహాతల్లి. ఒక్క మాట ఎక్కువ లేదు.

అప్పుడు గుండె టేపు పెట్టాడు. నాలుగు గదులు, కవాటాలు, రక్తం వెళ్లే దారి, వచ్చే దారి. పాఠం అయిపోయి బటన్ చప్పుడయింది. అతను ఆపలేదు. కాసేపు గరగర. ఆ తరవాత, చెప్పాపెట్టకుండా, హత్సుయే నవ్వింది.

మొదట కబుర్లతో చదివిన టేపు మీదే ఆవిడ మళ్లీ చదివింది. కబుర్లు తీసేసేసరికి రెండో చదువు పొట్టిదయింది. పాతదాని తోక చివర చెరగకుండా ఉండిపోయింది.

“...పుట్టింది మొదలు పోయేదాకా ఒక్కరోజైనా సెలవు లేదట దీనికి, పాపం. మా తోఫు కొట్టే నయం. ఏవండీ, ఈ పరీక్షయిపోయాక మనిద్దరం ఒకసారి...”

“మళ్లీ మొదలెట్టావా?”

ఆ కర్కశమైన గొంతు ఎవరిదో తత్సుజోకి వెంటనే తట్టలేదు. “నీ గోల ఎవడిక్కావాలి? పుస్తకంలో ఉన్నది ఏడువు!”

టేపులో కాగితం తిప్పిన చప్పుడు.

“తప్పయిపోయిందండీ. మళ్లీ చదువుతాను.”

టక్కుమని ఆగింది.

ఎక్కడికి? సముద్రం చూడటానికా? ఆవిడ పుట్టింటికా? తను రోజూ వెళ్లే సత్రంలోకి ఆవిడ అన్నేళ్లలో గుమ్మం దాటి రాలేదు. ఒక్క రాత్రి అతిథిలా ఉండి, వేడినీళ్లలో ఆ భుజాలు ముంచుకోవాలని ఉండేదా? మనిషి ఒంట్లో ప్రతి కండరానికీ మొదలూ చివరా చెప్పగలడు తత్సుజో. ఆ ఒక్క మాటకి చివర ఏమిటో అతనికి తెలియదు. ఇక తెలియదు.

వెనక్కి తిప్పాడు. ఆ నవ్వు మళ్లీ వచ్చింది. “మనిద్దరం ఒకసారి...” అని ఆవిడ అనగానే, తన గొంతు వినబడకుండా ఈసారి తనే గట్టిగా మాట్లాడాడు.

“చెప్పు హత్సుయే, చెప్పవే. నేనేమీ అనను. ఎక్కడికెళదాం?”

కాగితం తిప్పిన చప్పుడయింది.

“తప్పయిపోయిందండీ,” అంది హత్సుయే. “మళ్లీ చదువుతాను.”