ఎర్ర శాలువా అడిగిన మనిషి

నా చిన్నప్పుడు మేం ఆస్ట్రేలియాలో, సిడ్నీ పక్కనున్న బ్లాక్‌టౌన్‌లో ఉండేవాళ్లం. నాన్న అక్కడ డాక్టరు. ఒక చలికాలం సెలవుల్లో మంచు చూపిస్తానని అమ్మనీ నన్నూ కొండల మీదికి తీసుకెళ్లాడు. కారు కింద ఆపి నడక మొదలుపెట్టిన కాసేపటికే గాలి లేచింది. మంచు కమ్మేసి, ముందు నడుస్తున్న నాన్న వీపు కూడా కనిపించకుండా పోయింది. అదృష్టం కొద్దీ, కొండలెక్కేవాళ్లూ స్కీయింగ్ చేసేవాళ్లూ తలదాచుకునే చెక్క గుడిసె ఒకటి తగిలింది.

లోపల అప్పటికే ఒక మనిషి ఉన్నాడు. పొయ్యి మండుతున్నా దాని దగ్గర కూర్చోలేదు. ఎంతమంది వచ్చారు, ఎటునుంచి వచ్చారు, దారిలో ఇంకెవరైనా కనిపించారా అని నాన్నను ఇంగ్లీషులో వరసగా అడిగాడు. నాన్న అన్నిటికీ జవాబు చెప్పాడు. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

"మన వెనక ఎవరూ లేరని కనుక్కుంటున్నాడండీ. అన్నీ చెప్పేయకండి," అంది తెలుగులో, ముఖం మీద నవ్వు చెదరనీయకుండా.

ఇక నేను అతని మీంచి కళ్లు తిప్పలేదు. మాటిమాటికీ తలుపు తీసి బయటికి చూసేవాడు, చెవి ఒగ్గి వినేవాడు, మళ్లీ మూసేవాడు. ఎవరికోసమో చూస్తున్నాడని నాక్కూడా అర్థమైంది. అప్పుడు అమ్మ కప్పుకున్న ఎర్ర శాలువా చూపించి, అది కాసేపు ఇస్తారా అన్నాడు. నాన్న కూడా తడబడ్డాడు.

అమ్మ లేచి అతని ఎదురుగా నిలబడింది. "వై డు యూ వాంట్ ఇట్?" అని సూటిగా అడిగింది.

అతను నా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. మంచులో భార్యా తనూ విడిపోయారట. విడిపోతే గుడిసెలో కలుసుకోవాలని ముందే అనుకున్నారట. వెతకడానికి వెళితే ఆమె ఇటు వచ్చేసరికి తానుండడని భయం. ఎర్ర శాలువా ఎత్తి పట్టుకుంటే మంచులో ఆమెకు గుడిసె ఆనవాలు తెలుస్తుందట. పసిపిల్ల ముందు ఈ మాట చెప్పడం ఇష్టంలేకపోయిందట.

అమ్మ అతని ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత శాలువా తీసి, తనే బయటికి వెళ్లి స్కీ కర్రకు కట్టి ఎత్తి పట్టుకుంది. నాన్నా అతనూ గిన్నెలు మోగించారు. చాలాసేపటికి తెల్లటి మంచులోంచి ఒక ఆవిడ తూలుతూ వచ్చింది. అమ్మ ఆమెను పొదివి పట్టుకుని లోపలికి తెచ్చింది. అతను గోడకానుకుని ఏడ్చాడు.

తిరిగి వస్తుంటే కారులో అమ్మ నాతో, "అనుమానం వస్తే రానీ అమ్మా. కానీ లోపలే దాచుకోకు. అడుగు," అంది.

నాకు అరవై దాటాయి. కొత్తవాళ్లను చూస్తే ఇప్పటికీ అనుమానమే. అయినా తలుపు వేసుకునే ముందు ఎందుకని అడుగుతాను. అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వాళ్ల ముఖం చూస్తూ నిలబడతాను.