అవ్వ గడ్డ, నా చక్కెర గొలుసు

తొంభైల్లో నేను హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో క్యాన్సర్ చికిత్సకు టీకా తయారుచేసే పనిలో ఉన్నాను. వినడానికి గొప్పగా ఉంది కదా! నిజానికి నా పని చక్కెరలను ఒకదానికొకటి అతికించడం. క్యాన్సర్ కణాల ఒంటి మీద ఒక రకం చక్కెర గొలుసులుంటాయి. అలాంటి గొలుసును మనమే చేసి సూదిగా ఇస్తే, ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుని ఆ కణాల మీద పడుతుందని మా ఆశ. నెలల తరబడి అతికిస్తే గాజుబుడ్డి అడుగున బంకలాంటిది కాస్త మిగిలేది. అది కూడా సగం సార్లు తప్పు గొలుసే.

ఈ భాగోతం నల్గొండలో ఎవరికి తెలుసు? మా మగ్గాల వాడలో నేను క్యాన్సర్ డాక్టరమ్మను. సెలవులకు వెళ్లినప్పుడు నేనూ కాదనకుండా మెడ నిక్కించి తిరిగేదాన్ని.

అలాంటి రోజుల్లో నన్ను పెంచిన అవ్వకు రొమ్ములో గడ్డ తేలింది. పట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాలన్నారు. అవ్వ ససేమిరా అంది. నచ్చజెప్పడానికి నన్ను పిలిపించారు. నేను వెళ్లేసరికి అవ్వ అరుగు మీద కూర్చుని దారం ముక్కలు ఏరి మూటలో దాస్తోంది. పోగు తెగినప్పుడు అతుకు వేయడానికి పనికొస్తుందని మా ఇళ్లలో చిన్న ముక్క కూడా పారేయరు.

"నాకు కోతెందుకు బిడ్డా? నువ్వు మందు చేస్తున్నవ్ గదా. గదే సూది ఎయ్యి."

నేను గొంతు సవరించుకుని కణాలు, గొలుసులు అంటూ ఉపన్యాసం అందుకున్నాను. అవ్వ ఓపికగా విని, "గిప్పటిదాంక ఎవలకేసిన్రు?" అంది.

"ఎలుకలకు."

"ఓ యమ్మ! నూలు కొరుకుతున్నయని ఈడ మేం ఎలుకలను సంపుతుంటే, ఆడ నువ్వు సూదులేసి బతికిస్తున్నవా?"

వాకిట్లో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. "నా మందు నీకందదు అవ్వా. అది తయారయ్యేదాంక నీ గడ్డ ఆగదు. నువ్వు లేకుంటే నేనెట్ల?" అనేశాను.

అవ్వ మూట ముడేసి లేచింది. "గా మాట ముందే చెప్పొద్దా? పోదాం పా."

ఆపరేషన్ అయ్యాక, మత్తు దిగగానే నన్ను దగ్గరికి పిలిచింది. "నా గడ్డను పారెయ్యొద్దని డాక్టర్ సారుకు చెప్పిన. నీ పనికి అక్కరొస్తది. తీస్కో బిడ్డా."

పరీక్షకు పంపబోతున్న సీసాను నర్సు నవ్వుతూ నా ముందు పెట్టింది. ఇన్నేళ్లుగా దాని ఒంటి మీది చక్కెరలు అతికిస్తున్నానే గానీ, గడ్డను కళ్లారా చూడటం అదే మొదలు. క్యాన్సర్ డాక్టరమ్మ కాస్తా వెళ్లి రోగి మంచం మీదే కూలబడింది.

"గీ గుండెతోని మందెట్ల చేస్తవే?" అంటూ అవ్వ కుట్లు పట్టుకుని, మెల్లగా పక్కకు జరిగి, నాకు జాగా ఇచ్చింది.