ద కింద వత్తు

ప్రేమయ్య పడాక్ చెక్కకు చిత్రిక పడుతున్నాడు. బోర్డులకు కాళ్ళు చేయాలి. ఆదివారం తెలుగు బడి పిల్లల్ని చారిత్రక స్థలాలు చూపించడానికి తీసుకెళ్తున్నారు. చేరిన చోటల్లా ఆ చోటి పేరున్న బోర్డు నిలబెట్టి, కమలాకుమారి టీచరు పాఠం చెబుతుంది.

ఉప్పుగాలికి రంగు నిలవదు కాబట్టి ఏటా తిరగరాయాలి. పదేళ్ళు ఆ పని ప్రేమయ్యదే. రాసినవాడికి బోటులో సీటు. అలా పదిసార్లు పాత జైలు చూశాడు, రాస్, వైపర్ దీవులు చూశాడు. ఈ ఏడు రాతపని బాంబూఫ్లాట్‌లో ఉండే నూకన్నకిచ్చి, ప్రేమయ్యకు కాళ్ళపని మిగిల్చారు.

మూడు బోర్డులూ గోడకు ఆనించి ఉన్నాయి. చూడకూడదనుకుంటూనే చూశాడు. నూకన్న ఎర్రటి గీత సన్నగా మొదలై, తిరిగేచోట నిండి, మళ్ళీ సన్నగా ముగుస్తోంది. ఎక్కడా చెయ్యి వణకలేదు.

"ఏటయ్యా, బోర్డుల్ని అలాగ మింగేసినట్టు చూస్తన్నావు?" అంది భార్య సుందరి. "బాగా రాసేడు గుంటడు."

"నువ్వు చదివేవేటి?"

"చదవడమెందుకు? కళ్ళు లేవా నాకు?"

అప్పుడు కనబడింది. 'రాస్ దీపం'. పక్కదానిమీద 'వైపర్ దీపం'. ద కింద వ వత్తు లేదు. నూకన్న ఈ దీవుల్లోనే పుట్టాడు, హిందీ బడిలో చదివాడు. ఐలాండ్ అనడమే తెలుసు, ద్వీపం అన్న మాట అతని నోట ఎప్పుడూ రాలేదు. ప్రేమయ్యకు ముప్పై ఏళ్ళ వయసులో చర్చిలో పెద్దల బడి ఒక్కో వత్తూ దిద్దించింది.

"దీపమట!" పగలబడి నవ్వాడు. "వెలిగించుకోమను. బడంతా నవ్వుతాది. వచ్చే ఏడు నా బ్రష్షు నాకొచ్చేస్తాది."

మడతకాళ్ళు బిగించి బోర్డులు నిలబెట్టాడు. ఒక్క కాలూ ఊగలేదు. అంత గట్టి కాళ్ళ మీద తప్పు మాట నిలబడి ఉంది. కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తిట్టుకుంటూ ఎర్రరంగు డబ్బా తెరిచాడు.

మొదటి వత్తు మొద్దుగా వచ్చి అతుకు వేసినట్టుంది. కిరోసిన్ గుడ్డతో తుడిచేశాడు. రెండోదీ అంతే. వైపర్‌లో నూకన్న రాసిన 'వ'ను దగ్గరగా చూసి, ఆ సన్నదనం తన చేతికి ఎక్కేదాకా పాత చెక్కమీద దిద్దాడు. తర్వాత బోర్డుమీద రెండు వత్తులూ పెట్టాడు. నూకన్నే పెట్టినట్టున్నాయి. అది చూస్తే ఒళ్ళు ఇంకా మండింది.

సాయంత్రం టీచరు వచ్చి బోర్డులు చూసి, "నూకన్న చెయ్యి చూశారా ప్రేమయ్యగారూ, ఎంత నీటుగా ఉందో!" అంది.

"ద కింద వత్తులు నావి మేడంగారూ. రెండూనూ. మీవాడు దీపం అని రాసేడు."

టీచరు వంగి చూసింది. ఆమె మొహం ఎర్రబడింది. "అయ్యో, నేనే చూసి పంపాను. ఎలా తప్పిపోయిందో!"

"బోటులో సీటేమైనా..."

"లిస్టు ఇచ్చేశాం అండీ. సీట్లన్నీ భర్తీ అయిపోయాయి."

ప్రేమయ్య బోర్డుల కాళ్ళు మడిచి, మూడింటినీ ఆమె తెచ్చిన ఆటోలో పెట్టాడు.

"రంగు తడి ఉంది. నిలబెట్టే పట్టుకెళ్ళండి," అన్నాడు.