గుండీల గుడ్డ

చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో తప్పుకుట్లు విప్పి సరిచేసే పని ఆమెది. అందరికీ ఆమె విప్పుళ్ళక్క. పక్క మిషను మీద చొక్కా చేతులు అతికేది సొంత చెల్లెలు. పందొమ్మిదేళ్ళుగా ఒకటే బల్ల.

షెడ్డు ఇరుకై, రోడ్డుకు అవతల ఇంకొకటి తీసుకున్నారు. సూపర్‌వైజరు హాజరుపట్టీ మధ్యలో గీత గీసి సగం మందిని అటు పంపాడు. అక్కాచెల్లెళ్ళు ఎలాగో ఇటే మిగిలారు. వారం తిరక్కుండా పని కుంటుపడింది. ఏ చిక్కొచ్చినా ఎవరికి చూపించుకోవాలో వాళ్ళు అవతల షెడ్డులో ఉంటున్నారు.

"ఎవరికి ఎవరితో పనో నువ్వే తేల్చక్కా. నువ్వు చెప్పినట్టే పంచుతా," అన్నాడు సూపర్‌వైజరు చేతులెత్తేసి.

చెల్లెలు తన పక్కనే ఉండాలి. అక్కకు కావలసింది అదొక్కటే.

తెల్లగుడ్డ మీద మనిషికో గుండీ కుట్టింది. ఒకరు ఇంకొకరి సాయం అడిగినప్పుడల్లా అడిగినవాళ్ళ గుండీ దగ్గర ముడివేసి, రెండోవాళ్ళ గుండీ దాకా ఒక పోగు లాగింది. ఆరు రోజులకు దారాలు రెండుచోట్ల గుబురుకట్టాయి. హాజరుపట్టీకీ వాటికీ పొంతనే లేదు.

చెల్లెలి గుండీని అక్క మొదట్లోనే తన గుండీ పక్కన కుట్టేసుకుంది. దాని దారాలన్నీ గుడ్డను అడ్డంగా దాటి కాలర్లవాళ్ళ గుబురులోకి పోయాయి. అక్క వైపు వచ్చింది ఒక్కటే, అదీ కత్తెర కోసం.

తమ ఇద్దరి మధ్య ఇంకో నాలుగు పోగులు కలిపితే ఎవరికి తెలుస్తుంది? సూదిలో దారం ఎక్కించింది కూడా. కానీ లేని కుట్టును ఉన్నట్టు చూపిన చేయి కాదది. దారం లాగేసి, గుడ్డను చెల్లెలి ముందు పరిచింది.

"ఇన్నిసార్లు కాలర్ల దగ్గరికి పోయానా నేను?"

"కాళ్ళు నీవే కదే. కాలర్లవాళ్ళంతా అవతలి షెడ్డుకి. నువ్వూ అటే వెళ్ళాలి."

"నన్ను వదిలించుకోడానికి ఇంత శ్రమ పడ్డావన్నమాట!"

"నోర్ముయ్యి."

చెల్లెలు గుడ్డను తిప్పి చూసింది. "నీ గుండీ నుంచి నా దగ్గరికి ఒక్క పోగైనా ఉందా? నువ్వెప్పుడైనా నన్ను ఏమైనా అడిగావా? అన్నీ నీకే వచ్చు మరి, మహాతల్లివి!"

అక్క గుడ్డను మడిచి సూపర్‌వైజరు చేతికిచ్చింది.

సోమవారం చెల్లెలు అవతలికి వెళ్ళింది. బుధవారం మధ్యాహ్నం అక్క ఒక చొక్కా పట్టుకుని రోడ్డు దాటింది.

"ఈ చెయ్యి ముడత పడుతోందే. కాస్త చూడు."

చెల్లెలు చొక్కాను వెలుతురుకు ఎత్తి, అక్క మొహంలోకి చూసింది.

"ఇది నీకు రాదా?"

"రాదు."

"అయితే కూర్చో," అంటూ స్టూలు జరిపింది.