కిలోల లెక్కన కొన్న సైకిల్

కొత్త రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లలో మా నల్గొండలో ప్రతివాడికీ ఏదో ఒకటి కొత్తగా మొదలుపెట్టాలన్న తహతహ ఉండేది. ఆఫీసుల బోర్డుల మీద పాత పేరు చెరిపి కొత్త పేరు రాస్తున్నారు, బండ్ల నంబర్ ప్లేట్లు మారుతున్నాయి, మా పక్క గదిలో కిరాయికుండే ఆయన ఏకంగా మీసమే తీసేశాడు. నేనొక్కణ్ణే పాతగా మిగిలిపోయానేమోనని దిగులు పడేవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఒక సర్కారు ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ మీద కంప్యూటర్ ఆపరేటర్ నౌకరీ. (ఔట్‌సోర్సింగ్ అంటే పని లోపల, మనిషి బయట.) అలాంటి రోజుల్లో ఒక ఆదివారం పొద్దున గడియారం చౌరస్తాలో చాయ్ తాగుతుంటే, నెత్తిన టోపీలు, ఒంటికి అతుక్కుపోయిన బట్టలు వేసుకుని ఆరుగురు మనుషులు సన్నటి చక్రాల సైకిళ్ల మీద వచ్చి దిగారు. అందులో ఒకాయన ఎముకల డాక్టర్ సార్, మా ఆఫీసుకు అప్పుడప్పుడు వచ్చిపోయే మనిషే. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "ఒక్క వేలుతోని లేపి చూడు తమ్మీ" అన్నాడు. లేపాను. లేచింది. దాంతో పాటే నా మతీ పోయింది. ధర అడిగాక మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. ఆ పైసలతో మా ఊళ్లో చిన్న గొర్రెల మందనే కొనొచ్చు. "నువ్వు గూడ ఒకటి తెచ్చుకో, ఆదివారం ఆదివారం కలిసి పోదం" అని డాక్టర్ సార్ ఎంతో సులువుగా అనేసి వెళ్లిపోయాడు.

నాకు ఆ పూట నుంచి అన్నం సయించలేదు. సరిగ్గా అప్పుడే, టేబుల్ ఫ్యాను కొందామని పాత సామాను దుకాణానికి వెళ్తే, వెనక గోడకు ఒక ఉత్త ఫ్రేము వేలాడుతూ కనబడింది. చక్రాలు లేవు, హ్యాండిల్ లేదు, సీటు లేదు, పెడళ్లు లేవు. ఉన్నవల్లా నాలుగు సన్నటి ఇనుప గొట్టాలు, ముందు చక్రం పట్టే ఫోర్కు. హైదరాబాద్ నుంచి వచ్చిన లోడులో పడి వచ్చిందట. ఎంతకిస్తావంటే దుకాణదారు "అన్నిటి లెక్కనే, కిలోల లెక్క" అని కాంటా మీద పెట్టాడు. ముల్లు కాస్త కదిలి ఊరుకుంది. "గింత పొడుగున్నది, బరువే లేదు. లోపల పుచ్చిపోయినట్టున్నది" అని ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. లోకంలో ఈ రకం సైకిల్ ఎంత తేలికైతే అంత ఖరీదు. ఆ దుకాణంలో మాత్రం ఎంత తేలికైతే అంత చౌక. జీవితంలో నాకు దొరికిన ఒకే ఒక్క బేరం అది. ఫ్యాను సంగతి మరిచిపోయి, ఆ ఎండాకాలమంతా చెమటలు కక్కుతూ పడుకున్నాను.

బస్టాండు వెనక సందులో చాచా దుకాణం ఉండేది. నలభై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్న మనిషి. (ఊరందరికీ ఆయన చాచానే, చివరికి ఆయన తమ్ముడు కూడా అలాగే పిలిచేవాడు.) ఫ్రేమును తిప్పి తిప్పి చూసి ఆయన పెదవి విరిచాడు. "గిదేంది బేటా? క్యారియర్ బిగించే జాగా లేదు, మడ్‌గార్డు పట్టే జాగా లేదు. గిది సైకిల్ గాదు, సైకిల్ ఎక్స్‌రే." ఎక్స్‌రే అయినా సరే, దానికి కండ పట్టించాల్సిందేనని నేను కూర్చున్నాను.

ఐదు నెలలు పట్టింది. జీతం వచ్చిన ఆదివారం హైదరాబాద్ బస్సెక్కి, పాత సైకిళ్ల బజారులో పొద్దంతా తిరిగి, ఒక నెల చక్రాలు, ఒక నెల చెయిను, ఒక నెల బ్రేకులు తెచ్చేవాణ్ణి. ముందు చక్రం ఒక కంపెనీది, వెనకది ఇంకో కంపెనీది. రెండూ ఒకే దిక్కుకు తిరగడమే గొప్ప. చక్రాలు ఒళ్లో పెట్టుకుని వస్తుంటే కండక్టర్ "దీనికి టికెట్ తీసుకుంటవా, లేకుంటే దిగి దాని మీదనే వస్తవా?" అన్నాడు. ఫోన్లో వీడియోలు చూసి సగం నేర్చిన విద్య నాది. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుందన్న సంగతి ఆ మిగతా సగంలో ఉందేమో, నాకు తెలియలేదు. పళ్లు బిగపట్టి తిప్పుతుంటే చాచా నా చేతి మీద చిన్నగా ఒకటి వేసి, "బిగిస్తలేవు బేటా, ఇప్పుతున్నవ్. ఇప్పుడానికి గింత తాకత్ ఎందుకు?" అన్నాడు. టైరు చూసి "గిది టైరా, మొలతాడా?" అన్నాడు. కిందికి వంగిన హ్యాండిల్ బిగించేటప్పుడైతే పెద్ద గొడవే అయింది. ఆయన దాన్ని పైకి తిప్పి పెడతానంటాడు, నేను వద్దంటాను. "గంత వంగి తొక్కితె నడుము ఉంటదా? మీ ఎముకల డాక్టర్ అందరికి గీ సైకిల్ ఎందుకు అలవాటు చేస్తాండో ఇప్పుడు తెలిసింది" అని తేల్చేశాడు. ఇంత ఎకసెక్కం ఆడిన మనిషే నాలుగో నెలకల్లా నాకంటే పెద్ద పిచ్చివాడయ్యాడు. గిరాకీ లేనప్పుడు వెనక చక్రాన్ని ఊరికే తిప్పి, అది ఆగేదాకా టికటికమనే ఆ చప్పుడు వింటూ కూర్చునేవాడు.

ఇదంతా బాపుకు తెలియదు. మా ఊరు నల్గొండ నుంచి కట్టంగూర్ పోయే తొవ్వలో, రోడ్డు మీది మలుపు నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి. బాపుకు గొర్రెల మంద. బతుకంతా వాటి వెనక కాలినడకనే తిరిగాడు. మా ఊరి లెక్కలో మనిషి ముందు నడుస్తాడు, తర్వాత సైకిల్ ఎక్కుతాడు, నౌకరీ వస్తే మోటర్ సైకిల్ ఎక్కుతాడు. ఈ మెట్లు ఎక్కినవాళ్లే గాని దిగినవాణ్ణి ఎవరూ చూడలేదు. నాకు నౌకరీ వచ్చిన రోజే బాపు ఊళ్లో హోటల్ దగ్గర నిలబడి "వచ్చే దసరకు మావోడు బండి మీద వస్తడు" అని చెప్పేశాడు. మాట తప్పని మనిషి, మాటంటే ప్రాణం. నేను ఊరికి పోయినప్పుడల్లా "బండి ఎప్పుడు తీస్తవ్ రా?" అని అడిగేవాడు. "చూస్తున్న బాపూ" అనేవాణ్ణి. చూస్తున్న మాట నిజమే. ఏం చూస్తున్నానో చెప్పే ధైర్యం లేదు. సైకిల్ తొక్కుకుంటూ ఊళ్లో అడుగుపెడితే బాపు మాట ఏమవుతుందన్న భయం నన్ను లోపల తినేస్తూనే ఉండేది.

సైకిల్ పూర్తయిన వారమే డాక్టర్ సార్ "గీ ఆదివారం కట్టంగూర్ దాక పోతానం, వచ్చెయ్" అన్నాడు. అంటే మా ఊరి మలుపు మీదుగానే. పొద్దున్నే ఎవరూ చూడకముందే దాటిపోవచ్చులే అనుకున్నాను. దేవుడు మరోలా అనుకున్నాడు. శుక్రవారం పొద్దున పశువుల దవాఖానలో గొర్రెలకు నట్టల మందు తీసుకుందామని వచ్చిన బాపు నేరుగా నా గదికి వచ్చాడు. తలుపు తీశాను. మంచం పక్కన గోడకు ఆనించిన సైకిల్‌ను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ సైకిల్‌ను చూశాడు.

"నౌకరి తీసేసిండ్రా బిడ్డా?" అన్నాడు మెల్లగా.

తీసెయ్యలేదని చెప్పి, ఐదు నెలల కథంతా ఒక్క ఊపిరిలో కక్కేశాను. డాక్టర్లు, లెక్చరర్లు కూడా ఇవే తొక్కుతున్నారని, ఆదివారం వాళ్లతో కలిసి మన మలుపు మీదుగా పోవాలని చెప్పాను. "డాక్టర్లు సైకిల్ తొక్కుడేంది? వాళ్లకేం రోగమొచ్చింది?" అన్నాడు. ఆ తర్వాత సంతలో పొట్టేలును చూసినట్టు దాని చుట్టూ తిరిగి, టైరు నొక్కి, సీటు తట్టి, వెనకవైపు ఖాళీ జాగాను చాలాసేపు చూసి, "నువ్వు ఆఫీసుకు పో" అన్నాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. ఆ రోజు ఆఫీసులో ఏం టైపు చేశానో నాకే తెలియదు.

సాయంత్రం వచ్చి చూస్తే గదిలో బాపు లేడు, సైకిల్ లేదు. మంద వెనక నడిచే మనిషి దాన్ని తోసుకుంటూ పోయి పాత సామాను దుకాణంలోనే తూకానికి వేశాడేమోనని భయపడ్డాను. పరుగెత్తుకుంటూ ముందు చాచా దగ్గరికి పోయాను. బాపు, చాచా ఇద్దరూ బెంచీ మీద కూర్చుని సాసర్లలో చాయ్ తాగుతున్నారు. ఎదురుగా నా సైకిల్. దానికి ముందూ వెనకా మడ్‌గార్డులు, వెనక పాల క్యాను పట్టేంత క్యారియర్, పెద్ద బెల్లు, హ్యాండిల్ చివర్ల నుంచి వేలాడే రంగు రంగుల కుచ్చులు. అన్నిటికీ కింద, రెండు కాళ్ల ఇనుప స్టాండు. ఐదు నెలలు తులం తులం లెక్క చూసుకున్న నా సైకిల్ ఒక్క మధ్యాహ్నంలో నాలుగైదు కిలోలు పెరిగి నిలబడి ఉంది. నేను చాచా వైపు కోపంగా చూశాను. "నేనేం చేయాలె బేటా? ఇనుప పట్టీలు వంచి బిగించేసరికి పానం పోయింది. మీ బాపు వచ్చి, నా కొడుకు పదిమందిల పోతాండు, బోసిగ పంపద్దు అన్నడు. నాకు గూడ పిల్లలున్నరు" అన్నాడు చాచా. బాపు లేచి తుండుతో సీటు తుడుస్తూ, "మోటర్ సైకిల్ గాకపాయె. సైకిలన్న సైకిల్ లెక్క ఉండాలె గద. ఆదివారం మలుపు కాడ నిలబడ్త, నలుగురిని తోల్కొస్త" అన్నాడు.

ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గాని, శనివారం పానా తీసుకుని అవన్నీ ఊడదీద్దామని కూర్చున్నాను. వెనక మడ్‌గార్డు నట్లు మూడు విప్పాను కూడా. నాలుగోదానికి వచ్చేసరికి మలుపు దగ్గర నలుగురితో నిలబడ్డ బాపు కళ్ల ముందు మెదిలాడు. మళ్లీ బిగించాను. ఎలా బిగించానో మర్నాడు తెలిసింది.

ఆదివారం చౌరస్తాలో నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. మర్యాదస్తులు. డాక్టర్ సార్ మాత్రం ఒక్క వేలితో నా సైకిల్ లేపబోయి, రెండు వేళ్లు పెట్టి, తర్వాత ఏమీ ఎరగనట్టు చేయి వెనక్కి పెట్టుకున్నాడు. బయలుదేరిన పది నిమిషాలకే వాళ్లు కనుమరుగయ్యారు. నేనూ, సరిగ్గా బిగించని నా మడ్‌గార్డూ మిగిలాం. అది టైరుకు తగులుతూ చేసిన గోలకు రోడ్డు మీద కుక్కలు కూడా దూరం నుంచే తప్పుకున్నాయి. ఈ అవతారంలో ఊరివాళ్ల ముందుకు, అందరికంటే చివర, రొప్పుతూ పోవాలి. బాపు ముఖం ఎక్కడ పెట్టుకుంటాడన్న ఆలోచన వచ్చినప్పుడల్లా కాళ్లు మరింత బరువయ్యేవి.

మలుపు దగ్గరికి వచ్చేసరికి వాళ్లందరూ నా కోసం ఆగి ఉన్నారు. బాపు నలుగురిని కాదు, ఇరవై మందిని తెచ్చాడు. హోటల్ నుంచి చాయ్, బిస్కెట్లు తెప్పించాడు. అక్కడే వచ్చింది చిక్కు. ఆ ఖరీదైన సైకిళ్లలో ఒక్కదానికీ స్టాండు లేదు. పక్కనంతా తుమ్మముళ్లు, పడుకోబెడితే టైర్లు పోతాయి. ఒక చేత్తో సైకిల్, ఒక చేత్తో చాయ్, బిస్కెట్ పట్టుకోవడానికి మూడో చేయి లేక ఆరుగురు పెద్దమనుషులూ బిక్కముఖం వేసుకుని నిలబడ్డారు. నేను దిగాను, మడమతో స్టాండును కిందికి తన్నాను. సైకిల్ రోడ్డు పక్కన దర్జాగా తనంతట తాను నిలబడింది. నేను రెండు చేతులూ దులుపుకుని, ఒక దాంట్లో చాయ్, ఒక దాంట్లో బిస్కెట్ తీసుకున్నాను. ఊరంతా ఒకసారి నా సైకిల్ వైపు, ఒకసారి డాక్టర్ల వైపు చూసింది. బాపు అందరికీ వినబడేలా, నిజంగానే జాలిపడుతూ అన్నాడు:

"పాపం, సార్లకు స్టాండు పెట్టిచ్చెటోళ్లు ఎవ్వలు లేనట్టున్నది."

డాక్టర్ సార్ నవ్విన నవ్వుకు సగం చాయ్ ఒలికిపోయింది. ఆయన వచ్చి తన సైకిల్‌ను నా సైకిల్‌కు ఆనించాడు. ఆయన వెనక లెక్చరర్ సార్, ఆయన వెనక మిగతావాళ్లు. ఆరు సైకిళ్లూ నా ఒక్క స్టాండు మీద బరువు వేసి నిలబడ్డాయి. బాపు ముఖంలో ఆనాటి వెలుగు నేను మళ్లీ చాలా ఏళ్లు చూడలేదు.

కట్టంగూర్ దాకా పోయి వచ్చేసరికి మలుపు దగ్గర బాపు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. డాక్టర్ల జట్టుకు సెలవు చెప్పి ఆగాను. "ఇంటికి పోదాం, ఎక్కుత" అని క్యారియర్ మీద ఒకపక్కకు కూర్చున్నాడు. ఎంత దూరం? ఒక ఫర్లాంగు. కంకర రోడ్డు, మొలతాడంత టైరు, బాపు బరువు. ఠప్పుమంది. దిగి, నేను సైకిల్ తోస్తుంటే ఇద్దరం నడిచాం. మోటర్ సైకిల్ మీద రావాల్సిన కొడుకు పంచరైన సైకిల్ తోసుకుంటూ ఊళ్లోకి వస్తున్నాడని నేను కుంగిపోతుంటే, బాపు హాయిగా చేతులూపుకుంటూ నడుస్తున్నాడు. నడుస్తూ తన సంగతి ఒకటి చెప్పాడు. చిన్నప్పుడు సైకిల్ నేర్చుకోబోయి సొంత మందలోకే దూసుకుపోయి, గొర్రె కాలు విరగ్గొట్టి, వాళ్ల నాయిన చేత తన్నులు తిన్నాడట. ఆ తర్వాత జన్మలో సైకిల్ తొక్కలేదట. బాపుకు సైకిల్ రాదన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది. ఎదురొచ్చిన ఒకాయన "ఏందే, పంచరా?" అని అడిగితే, బాపు "గాదు, మాట్లాడుకుంట నడుస్తానం" అన్నాడు.

ఆ మరుసటి ఏడు దసరాకు మోటర్ సైకిల్ కొన్నాను. ఏడాది ఆలస్యమైనా బాపు మాట దక్కింది, ఊరంతా చూసింది. ఇప్పుడు మలుపు నుంచి ఇంటికి ఐదు నిమిషాలు. వెనక కూర్చున్న బాపు ఏదో మొదలుపెడతాడు, అంతలో ఇల్లు వచ్చేస్తుంది. "ఏదో చెప్దామనుకున్న రా, గంతల ఇల్లే వచ్చె" అంటాడు. అందుకని ఈ మధ్య మలుపు దాటగానే ఇంజన్ ఆపేస్తున్నాను. పెట్రోలు అయిపోయిందని చెప్పి, బండి తోసుకుంటూ బాపు పక్కన నడుస్తున్నాను. ముప్పై దాటిన మనిషి కన్నతండ్రితో నాలుగు మాటలు మాట్లాడటానికి ఇంత నాటకమా అని నాకే నవ్వొస్తుంది. నెలకు రెండుసార్లు అదే మలుపు దగ్గర పెట్రోలు ఎందుకు అయిపోతుందో బాపు ఇంతవరకు ఒక్కసారీ అడగలేదు.