మగ్గం గుంటలో మొలక

మొన్న మధ్యాహ్నం మా కోడలు గవర్నర్‌పేటలో కొన్న ఎండు ఖుబానీ పండ్లు నానబెట్టి, గుజ్జు తీసుకుని, గింజలు ఒక పళ్లెంలో పోసింది. మనవరాలు వాటిలో ఒకదాన్ని గడప మీద పెట్టి రాతితో కొట్టింది. టక్! ఆ చప్పుడుకి నా వేళ్ల మధ్య జపమాల ఆగిపోయింది. “అచ్చం బాదంపప్పులా ఉంది నానమ్మా, తిను” అంటూ పప్పు నా నోటి దగ్గర పెట్టింది. తల తిప్పుకున్నాను. దాని రుచి నాకు తెలుసు. పదేళ్ల వయసులో ఏడు తిన్నాను. ఆ ఏడింటి సంగతి చెప్పాలంటే వెంకమ్మత్త గురించి చెప్పాలి.

ఆవిడ మాకు చుట్టం కాదు. బెజవాడలో మా నేతగాళ్ల వీధిలో పక్కింటి మనిషి. మా ఇంట్లో ఆడపిల్లల్ని బడికి పంపేవారు కాదు. నాకు అక్షరాలు నేర్పింది వెంకమ్మత్తే. కృష్ణ ఇసుక చేటలో పరిచి, నా వేలు పట్టుకుని దిద్దించేది. తప్పు రాస్తే కొట్టేది కాదు, ఇసుక సర్ది “మళ్లీ” అనేది. రాని మాటను వచ్చినట్టు గబగబా చదివితే మాత్రం ఊరుకునేది కాదు. “రాకపోతే రాదను అమ్మడూ. అందులో సిగ్గేముంది?” ఈనాడు నేను పురాణం చదువుకుని కళ్లకద్దుకుంటున్నానంటే ఆ చేటెడు ఇసుక పుణ్యమే.

అవి యుద్ధం రోజులు. నూలు దొరక్క వీధి వీధంతా మగ్గాలు ఆగిపోయాయి. అత్త భర్త సుబ్బారాయుడు మామయ్య పటాలం వెంట కూలిపనికి ఉత్తరాదికి వెళ్లాడు. అటునుంచి వచ్చిన ఒకాయన చేత చిన్న మూటలో ఖుబానీ పండ్లు పంపించాడు. “ఇక్కడ ఈ చెట్లు మంచులో నిలబడి పూస్తాయి. గింజలు దాచు, నేనొచ్చాక నాటుదాం” అని కబురు. తర్వాత రెండేళ్లు ఉత్తరం ముక్క లేదు.

ఒక వేసవి ఉదయం మామయ్య అన్నగారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. “ఎన్నాళ్లని చూస్తాం వెంకమ్మా? వాడికి జరగాల్సిన కర్మ జరిపిద్దాం. మగ్గం పీకేసి ఆ గది అద్దెకిస్తే నలుగురికీ ఆసరా. నువ్వు మా ఇంట్లో ఓ మూల ఉందువుగాని” అన్నారు.

అత్త తలుపు చాటునుంచి బదులిచ్చింది. “ఏడు గింజలున్నాయి బావగారూ. ఒక్కటి మొలిచినా ఏడాది ఆగండి. మొలవకపోతే మీ మాటే నా మాట.”

ఆయన నవ్వారు. “బెజవాడ ఎండలో మంచుదేశపు గింజా? ఇక్కడ మనుషులే మాడి చస్తున్నారు. సరే, ఆషాఢం దాటేదాకా చూద్దాం.”

ఇంట్లో చల్లటి చోటు ఒక్కటే, మగ్గం ముందు నేతగాడు కాళ్లు దించి కూర్చునే గుంట. అందులో తడి ఇసుక పోసి ఏడు గింజలూ పాతి, రోజూ నీళ్లు పోస్తానని మొక్కుకుంది. పగలు తను కూలికి వెళ్తూ నన్ను కాపలా పెట్టేది. “చదువుకుంటూ కూర్చో. ఎలకలు తవ్వకుండా చూడు.”

ఎలక నేనే అయ్యాను. బియ్యం కరువై, మా ఇంట్లో మధ్యాహ్నం పొయ్యి వెలిగించని రోజులు. ఒక మిట్టమధ్యాహ్నం ఆకలికి తట్టుకోలేక ఒక గింజ తీసి పగలగొట్టాను. తియ్యగా ఉంది. ఒకటి తిన్నాక రెండోది, అలా ఏడూ. భయం తర్వాత వచ్చింది. డిప్పలన్నీ ఏరి, ఏనాడో నూలుకి పెట్టగా మిగిలిన ఎండు గంజి తడిపి వేలితో రాసి, ఏ డిప్పకి ఆ డిప్ప అతికించి మళ్లీ పాతేశాను. ఏడూ ఖాళీవే. నా చేతులతో నేనే పాతాను.

మూడోరోజు నుంచి గుంటలో చప్పుడు మొదలైంది. వీధి సద్దుమణిగిన ఎండవేళ, నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు, టక్. కాసేపాగి మళ్లీ, టక్. మామయ్య కాలితో మగ్గం తొక్కితే అలాగే వినిపించేది. అత్తతో చెబితే “చెక్క ఎండకి బిగుసుకుంటోందిలే” అంది, కానీ నా కళ్లలోకి చూడలేదు.

ఆషాఢం రెండు రోజుల్లో వెళ్లిపోతుందనగా మొలక కనబడింది. ఆకుపచ్చ కాదు. పాలిపోయిన తెలుపు, వేలంత పొడవు. కిటికీ వెలుతురు వైపు కాదు, మామయ్య కూర్చునే చోటు వైపు ఒరిగి ఉంది. బావగారు వచ్చి వంగి చూసి, కండువాతో ముఖం తుడుచుకుని, ఏడాది గడువిచ్చి వెళ్లిపోయారు.

అత్త మొక్కని కుండలోకి మార్చి పెరట్లో పెట్టింది. కుండను ఎటు తిప్పినా మర్నాటికి కొమ్మ మగ్గం గది వైపే తిరిగేది. ఆ ఏడాదే కొద్దికొద్దిగా నూలు రావడం మొదలైంది. ఖాళీ అయిన గుంటలోకి కాళ్లు దించి అత్తే కూర్చుంది. “ఆడది మగ్గం ఎక్కిందర్రా!” అని వీధి నవ్వింది. మొదటి చీర అంచు వంకర. రెండోది నిలిచింది. గడువు తీరి బావగారు వచ్చేసరికి మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. గది మాటెత్తకుండా మంచినీళ్లు తాగి వెళ్లారు.

మరుసటి వారం మొక్క నిలువునా ఎండిపోయింది. అత్త దాన్ని మెల్లగా పెకలించింది. వేరు మొదట్లో గింజ. దాని చుట్టూ తెల్లటి గీత, నా గంజి. ఏడాదిపాటు తడిలో నానినా కరగలేదు, డిప్ప విడలేదు. మొన నుంచి వేరు బయటికి వచ్చింది.

నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను.

“ఆ రోజే తెలుసు అమ్మడూ. ఇసుక సర్దుతుంటే తేలిగ్గా తగిలాయి.”

“మరి నీళ్లెందుకు పోశావత్తా?”

“పోస్తానన్నాను కదా. ఆకలేసి తిన్న పిల్లని ఏమంటాను?”

“మరిదెలా మొలిచింది?”

“నాకు తెలీదమ్మా” అని మట్టి చేతులతోనే దణ్ణం పెట్టింది. తర్వాత ఎవరూ అడక్కుండానే కాలి మట్టెలు తీసి గూట్లో పెట్టింది. “ఇది మాత్రం తెలిసింది. ఇంక ఆయన రారు” అంది. మర్నాడు మళ్లీ మగ్గం ఎక్కింది. ముసలితనం దాకా దిగలేదు. తన చేత్తో నేసిన చీరతోనే నన్ను అత్తారింటికి పంపింది.

అత్త నాకిచ్చిన ఆ గింజ నా దేవుడి పెట్టెలో ఉంది. మొన్న మనవరాలు దాన్ని తీసి, తెల్లటి గీత మీద గోరు ఆనించి అడిగింది. “ఖాళీ గింజ ఎలా మొలుస్తుంది నానమ్మా?”

పెద్దదాన్ని కదా, ఏదో ఒకటి చెప్పొచ్చు. దేవుడి మహిమ అనొచ్చు. నోటిదాకా వచ్చింది. చేటలో ఇసుక సర్దే చెయ్యి గుర్తొచ్చింది.

“నాకు తెలీదమ్మా” అన్నాను.